కరెంటుతో ప్లాస్టిక్ రజను పట్టగలమా?

సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో చాలా ఇళ్లకు నీళ్లు రెండు గొట్టాల్లో వస్తాయి. ఒకదాంట్లో తాగునీరు. ఊదారంగు వేసిన రెండో గొట్టంలో వచ్చేది శుద్ధి చేసిన మురుగునీరు. 2001లో మొదలైన రౌస్ హిల్ పథకం కింద సిడ్నీ వాటర్ సంస్థ ఈ వాయవ్య శివార్లలో 30,000కు పైగా ఇళ్లకు ఆ నీటిని ఇస్తోంది. మరుగుదొడ్డికి, మొక్కలకు, కారు కడగడానికి వాడుకోవచ్చు. తాగకూడదని మాత్రం కుళాయి దగ్గరే రాసి ఉంటుంది. వాడకానికి పోను మిగిలిన శుద్ధి నీరు వాగుల్లో కలిసి, కాటై క్రీక్ మీదుగా హాక్స్‌బరీ నదికి చేరుతుంది.

అంటే వాషింగ్ మెషీన్ వదిలిన నీళ్లే, దారిలో శుద్ధి అయి, మళ్లీ మన పెరటికి వస్తున్నాయి. సిడ్నీ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు అలవాటైపోయింది. ఆ నీళ్లలో క్రిములుండవని నమ్మకం ఉంది. ప్లాస్టిక్ రజను సంగతేమిటని అడిగేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. దానికి జవాబుగా 2018 నుంచి ప్రయోగశాలలు ఒక మాట చెబుతున్నాయి: నీళ్లలోకి కరెంటు పంపితే మైక్రోప్లాస్టిక్ 90, 95, చివరికి 99 శాతం దాకా పోతుందట. ఆ మాటలో ఎంత పస ఉందో, అది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కరెంటు పద్ధతి నిజమైనదే. కానీ దాన్ని బిగించాల్సిన చోటు కాలువ చివర కాదు, మొదట్లో.

రజను ఎంత, ఎక్కడిది

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలన్నిటినీ మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. ఒక మైక్రాన్ కన్నా చిన్నవైతే నానోప్లాస్టిక్. 2004లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ రాసిన పత్రంతో ఈ మాట లోకానికి ఎక్కింది.

ఈ కథలో సిడ్నీకి మొదటి నుంచీ చోటుంది. సముద్ర తీరాల్లో దొరికే పోగులు బట్టల నుంచే వస్తున్నాయని 2011లో మార్క్ బ్రౌన్ బృందం తేల్చినప్పుడు, శుద్ధి చేసిన మురుగునీటి నమూనాలు తీసుకున్నది సిడ్నీ ఉత్తర శివారు హార్న్స్‌బీ ప్రాంతపు కేంద్రాల నుంచే. కెల్లీవిల్‌కు అదేమంత దూరం కాదు. అక్కడి నీళ్లలో లీటరుకు సుమారు ఒక కణం కనిపించింది. ఒక్క బట్ట ఒక్క ఉతుకులో 1,900కు పైగా పోగులు వదలగలదని కూడా అదే పత్రం చెప్పింది.

2017లో షిమా జియాజాహ్రోమీ బృందం సిడ్నీలోనే మూడు శుద్ధి కేంద్రాల నీటిని 25 మైక్రాన్ల జల్లెడ దాకా వడకట్టి లెక్కపెట్టింది. మొదటి దశ శుద్ధితో సరిపెట్టిన నీటిలో లీటరుకు 1.54 కణాలు, రెండో దశ దాటినదానిలో 0.48, మూడో దశ కూడా పూర్తయినదానిలో 0.28 తేలాయి. స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర ఒక పెద్ద కేంద్రాన్ని 2016లో పరిశీలిస్తే లోపలికి వచ్చే నీటిలో లీటరుకు 15.7 కణాలు, బయటికి పోయే నీటిలో 0.25 ఉన్నాయి. 98 శాతం పైగా అక్కడే ఆగిపోయిందన్నమాట. అయినా నీళ్ల పరిమాణం పెద్దది కాబట్టి రోజుకు 6.5 కోట్ల కణాలు నదిలోకి పోతున్నాయని ఆ పరిశోధకులు లెక్కగట్టారు.

ఈ రెండు నిజాలనూ కలిపి చూడాలి. మామూలు శుద్ధి కేంద్రమే, మైక్రోప్లాస్టిక్ కోసం కట్టకపోయినా, అందులో సింహభాగాన్ని పట్టేస్తోంది. మిగిలింది శాతంలో చిన్నది, మొత్తంలో పెద్దది. కరెంటు పద్ధతిని ఇప్పుడు పిలుస్తున్నది ఆ మిగులు కోసమే.

పటిక బదులు పలక

వరదల రోజుల్లో గోదారి ఒడ్డు ఇళ్లలో బిందెడు ఎర్రనీళ్లలో పటిక ముక్క తిప్పేవారు. కాసేపటికి మట్టి అడుగుకు దిగేది. ఎలక్ట్రోకోయాగ్యులేషన్ చేసేదీ అదే పని. కాకపోతే పటిక వేయరు. నీళ్లలో రెండు లోహపు పలకలు నిలబెట్టి డీసీ కరెంటు ఇస్తారు. ధన పలక అల్యూమినియందైతే అది కరుగుతూ అల్యూమినియం అయాన్లను వదులుతుంది. రుణ పలక దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు, హైడ్రాక్సైడ్ పుడతాయి. అల్యూమినియం, హైడ్రాక్సైడ్ కలిసి తెల్లటి దూదిలాంటి తెట్టుగా ఏర్పడతాయి. ప్లాస్టిక్ కణాల మీద సాధారణంగా రుణావేశం ఉంటుంది, అందుకే అవి ఒకదానికొకటి దూరంగా తేలుతుంటాయి. లోహపు అయాన్లు ఆ ఆవేశాన్ని చల్లారుస్తాయి, తెట్టు వాటిని చుట్టేస్తుంది. కొంత అడుగుకు దిగుతుంది, కొంత హైడ్రోజన్ బుడగలను పట్టుకుని పైకి తేలుతుంది. తేలినదాన్ని గరిటెతో తీసినట్టు తీసేస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1889లోనే లండన్‌లో మురుగునీటి మీద దీన్ని ప్రయత్నించారు. అప్పట్లో కరెంటు ఖరీదు ఎక్కువ, పటిక చవక. అందుకే మూలన పడింది. మైక్రోప్లాస్టిక్ దాన్ని మళ్లీ బల్ల మీదికి తెచ్చింది.

2018లో ఇంగ్లండ్ సర్రే విశ్వవిద్యాలయ బృందం పాలిథిలీన్ పూసల మీద అల్యూమినియం పలకలు వాడి చూసింది. పీహెచ్ 3 నుంచి 10 దాకా ఎక్కడైనా 90 శాతం పైగా తొలగింపు వచ్చింది. పీహెచ్ 7.5 దగ్గర, చదరపు మీటరుకు 11 ఆంపియర్ల కరెంటుతో 99.24 శాతం దాకా వెళ్లింది. 2022లో చైనా పరిశోధకులు నాలుగు రకాల ప్లాస్టిక్‌లను పోల్చారు. పాలిథిలీన్ 93.2 శాతం, యాక్రిలిక్ జాతి పీఎంఎంఏ 91.7, సెల్యులోజ్ అసిటేట్ 98.2, పాలీప్రొపిలీన్ 98.4 శాతం తొలిగాయి. ఇనుప పలక కన్నా అల్యూమినియం పలక మెరుగని, గుండ్రటి కణాల కన్నా పోగులు తేలిగ్గా చిక్కుతాయని కూడా చూపారు. బట్టల నుంచి వచ్చేవి పోగులే కనుక ఈ రెండో సంగతి మనకు ముఖ్యం.

పట్టడం వేరు, కాల్చడం వేరు

కోయాగ్యులేషన్ ప్లాస్టిక్‌ను నీళ్ల నుంచి తెట్టులోకి మారుస్తుంది, అంతే. దాన్ని రూపుమాపాలంటే ఆనోడిక్ ఆక్సిడేషన్ కావాలి. ఇక్కడ పలక కరగదు. బోరాన్ కలిపిన వజ్రపు పూత ఉన్న పలక మీద నీరు విడిపోతూ హైడ్రాక్సిల్ రాడికళ్లను పుట్టిస్తుంది. దొరికిన కర్బన గొలుసునల్లా తెంపే శక్తి వాటిది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు ఐఎన్‌ఆర్‌ఎస్ సంస్థలో పాట్రిక్ ద్రోగీ బృందం 2021లో పాలిస్టైరీన్ మీద దీన్ని ప్రయోగించింది. ఆరు గంటల్లో సుమారు 89 శాతం క్షీణించింది. ముక్కలు చిన్నవి కావడంతో ఆగకుండా, చాలావరకు వాయువుగానే మారినట్టు వాళ్లు చూపారు.

మూడోది ఎలక్ట్రో ఫెంటన్. రుణ పలక దగ్గర ఆక్సిజన్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి, ఇనుము సాయంతో దాన్ని రాడికళ్లుగా మార్చే పద్ధతి ఇది. ఈ కుటుంబానికే చెందిన ఒక విధానంలో, టైటానియం డయాక్సైడ్, గ్రాఫైట్ కలిపిన రుణ పలకతో 2020లో చైనాలో పీవీసీ మీద పని చేశారు. ఆరు గంటల్లో బరువు 56 శాతం తగ్గింది, క్లోరిన్ 75 శాతం ఊడింది. అయితే నీటిని 100 డిగ్రీల దాకా వేడి చేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోనే అడిలైడ్ విశ్వవిద్యాలయం 2019లో స్ప్రింగుల్లాంటి కర్బన నానో గొట్టాలతో ఇటువంటి రాడికళ్లనే, కరెంటు లేకుండా పుట్టించింది. అక్కడా వంద డిగ్రీలు దాటిన వేడి, గంటల కొద్దీ సమయం తప్పలేదు. ఒక ఊరి మురుగునీటిని మరగబెట్టే స్థోమత ఏ నగరానికీ లేదు.

ఆ అంకెల వెనక

99 శాతం అని చదివి సంబరపడే ముందు, ఆ ప్రయోగం దేని మీద చేశారో చూడాలి. చాలా పత్రాల్లో వాడింది దుకాణంలో కొన్న కొత్త పూసలు. అన్నీ ఒకే సైజు, ఒకే రకం. వాటిని శుభ్రమైన నీటిలో, వాగులో దొరికే మోతాదుకు వేల రెట్లు కలుపుతారు. కరెంటు బాగా పారడానికి ఉప్పు వేస్తారు. దట్టంగా ఉన్న కణాలు ఒకదానికొకటి తగిలి గుంపుకట్టడం సులువు. లీటరుకు ఒక కణం కూడా లేని నీటిలో ఆ కణం తెట్టుకు తగిలేదాకా ఎదురు చూడాలి.

నిజమైన మురుగులో కణాల మీద బాక్టీరియా పొర పట్టి ఉంటుంది, ఎండకు అంచులు పగిలి ఉంటాయి, చుట్టూ సబ్బు ఉంటుంది. సబ్బు పని కణాలను విడదీసి తేల్చి ఉంచడం. కోయాగ్యులేషన్ పని వాటిని కలపడం. రెండింటికీ పొత్తు కుదరదు.

లెక్కపెట్టడంలోనూ తిరకాసు ఉంది. పరారుణ సూక్ష్మదర్శినికి 10, 20 మైక్రాన్ల కింద చూపు ఆనదు. రామన్ పరికరం ఒక మైక్రాన్ దాకా చూస్తుంది, కానీ గంటలు పడుతుంది. ఆక్సిడేషన్‌లో పెద్ద కణం పది చిన్న కణాలుగా పగిలి పరికరం కంటికి ఆనకుండా పోతే, పత్రంలో అది తొలగింపుగానే కనిపించవచ్చు. అందుకే కణాల సంఖ్యతో పాటు నీటిలో మిగిలిన మొత్తం కర్బనాన్ని, అందులో ప్లాస్టిక్ బరువును కూడా కొలిచిన పత్రాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

కాగితం మీద ఒక లెక్క

ఊదారంగు గొట్టంలో వచ్చే నీటినే తీసుకుందాం. 2017 లెక్కలో తేలిన మూడో దశ శుద్ధి సగటు, లీటరుకు 0.28 కణాలు, ఇక్కడా వర్తిస్తుందనుకుంటే 1,000 లీటర్లలో 280 కణాలు. ఒక్కొక్కటి 100 మైక్రాన్ల పూస అనుకున్నా అన్నీ కలిపి 0.15 మిల్లీగ్రాము తూగుతాయి.

ఇప్పుడు ఆ 1,000 లీటర్లకు 20 గ్రాముల అల్యూమినియం వదలాలనుకుందాం. ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియర్ గంటసేపు పారితే 0.336 గ్రాముల అల్యూమినియం కరుగుతుంది. అంటే దాదాపు 60 ఆంపియర్ గంటలు కావాలి. పలకల మధ్య 5 నుంచి 10 వోల్టులుంటే ఖర్చు 0.3 నుంచి 0.6 యూనిట్ల కరెంటు. చూడటానికి పెద్ద ఖర్చేం కాదు. అయితే వెంట వచ్చేవి ఇవి: పొడిగా తూస్తే 58 గ్రాముల హైడ్రాక్సైడ్ బురద, 27 లీటర్ల హైడ్రోజన్. హైడ్రోజన్ తేలిగ్గా అంటుకునే వాయువు కాబట్టి గాలి బాగా ఆడే ఏర్పాటు ఉండాలి. బురదను ఎక్కడికో మోయాలి. పలకల మీద ఆక్సైడ్ పొర పేరుకుని కరెంటు అడ్డగిస్తుంది కనుక తరచు ధన, రుణాలు మారుస్తుండాలి, పలకలు అరిగిపోతే కొత్తవి వేయాలి. ఇదంతా 0.15 మిల్లీగ్రాము కోసం.

ఆక్సిడేషన్ లెక్క ఇంకా వింతగా ఉంటుంది. ఒక గ్రాము పాలిస్టైరీన్‌ను పూర్తిగా కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి, ప్రతి ఎలక్ట్రానూ ఆ పనే చేస్తే, 10 ఆంపియర్ గంటల పైచిలుకు చాలు. చవకే. కానీ పలచని నీటిలో రాడికళ్లకు ప్లాస్టిక్ తగలదు. కరెంటంతా ఆక్సిజన్ పుట్టించడానికి, నీటిలోని క్లోరైడ్‌ను క్లోరిన్‌గా మార్చడానికి పోతుంది. క్లోరిన్ కర్బనంతో కలిస్తే ట్రైహాలోమీథేన్లు, ఇంకా ముందుకు పోతే క్లోరేట్, వజ్రపు పలక మీద పెర్‌క్లోరేట్ కూడా పుడతాయి. ప్లాస్టిక్ తీయబోయి తాగకూడని మరో పదార్థాన్ని చేర్చిన వాళ్లమవుతాం.

కరిగిన అల్యూమినియం కూడా నీటిలో మిగిలిపోకూడదు. ఆస్ట్రేలియా తాగునీటి మార్గదర్శకాలు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటవద్దంటాయి. భారత ప్రమాణాల్లో 0.03 మంచిది, గత్యంతరం లేకపోతే 0.2.

పట్టిన రజను ఎటు పోతుంది

ఇది ఎక్కువ పత్రాలు దాటేసే ప్రశ్న. శుద్ధి కేంద్రంలో ఆగిన ప్లాస్టిక్ బురదలో చేరుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఆ బురదను శుద్ధి చేసి ఎక్కువగా పొలాలకు ఎరువుగా తోలుతారు. భూమికి సత్తువే, అందుకు తప్పుపట్టలేం. కానీ నీటిలో నుంచి తీసిన పోగులు మట్టిలోకి వెళ్తున్నాయి. ఎలక్ట్రోకోయాగ్యులేషన్ ఎంత చక్కగా పనిచేస్తే ఆ బురద అంత ప్లాస్టిక్‌తో నిండుతుంది. చిన్న మోతాదులో వచ్చే ఆ తెట్టును విడిగా ఉంచి కాల్చేస్తే తప్ప పని సగమే అయినట్టు.

రజను వాగులకు చేరే మరో దారి అసలు శుద్ధి కేంద్రం గడపే తొక్కదు. సిడ్నీలో వాననీటి కాలువలు, మురుగు కాలువలు వేరు. రోడ్ల మీద అరిగిన టైర్ల పొడి, ఆటస్థలాల కృత్రిమ పచ్చిక ముక్కలు వానతో పాటు తిన్నగా స్మాల్స్ క్రీక్, కాడీస్ క్రీక్ వంటి వాగుల్లోకి దిగుతాయి. వాటి మీద ఏ పలకా పనిచేయదు. వలలు, చిత్తడి నేలలు, పచ్చిక కట్టలే అక్కడ మందు.

మొదట్లో పట్టుకుంటే

2016లో ప్లిమత్‌లోనే ఇమోజెన్ నాపర్, థాంప్సన్ లెక్కించిన ప్రకారం 6 కిలోల పాలియెస్టర్ బట్టలు ఒక్కసారి ఉతికితే దాదాపు 4,96,000 పోగులు ఊడతాయి. యాక్రిలిక్ అయితే 7 లక్షలు దాటుతాయి. కొలిచిన పద్ధతులు వేరు కాబట్టి ఉరామరిగానే చూద్దాం. మూడో దశ శుద్ధి అయిన 17 లక్షలకు పైగా లీటర్ల నీటిలో ఉండేన్ని కణాలు ఒక్క ఉతుకులో పుడుతున్నాయి. అవి పుట్టిన నిమిషంలో కొన్ని పదుల లీటర్ల నీటిలోనే ఉంటాయి. కణాలు దట్టంగా ఉన్నాయి, సబ్బు లవణాల వల్ల కరెంటూ పారుతుంది. సబ్బు పెట్టే ఇబ్బందిని మోతాదుతో దారికి తెచ్చుకోగలిగితే కరెంటు పద్ధతికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. టర్కీలో లాండ్రీ మురుగు మీద అల్యూమినియం, ఇనుప పలకలతో జరిగిన ప్రయోగాలు, ద్రోగీ బృందం లాండ్రీ నీటిపై దృష్టి పెట్టడం ఈ దిక్కునే చూపుతున్నాయి. ఇంట్లో మెషీన్‌కు హైడ్రోజన్ పుట్టించే పెట్టె తగిలించమని ఎవరూ అనరు. ఆసుపత్రుల, హోటళ్ల లాండ్రీలకు, అద్దకపు పరిశ్రమలకు మాత్రం ఇది సరిపోతుంది.

చిక్కగా ఉన్నచోటే పట్టాలన్న ఈ పాఠాన్ని పీఫాస్ అనే మొండి రసాయనాల విషయంలో ఆస్ట్రేలియా ఇప్పటికే నేర్చుకుంది. క్వీన్స్‌లాండ్‌లోని ఓకీ సైనిక స్థావరం దగ్గర భూగర్భ జలం నుంచి ఆ రసాయనాలను ముందు నురగతో చిక్కబరిచి వేరు చేశారు. నాశనం చేయాల్సింది ఆ చిక్కటి ద్రవాన్ని మాత్రమే. చెరువంత నీటికి కరెంటు పెట్టాలని ఎవరూ అనుకోలేదు.

మన దగ్గర నల్గొండ కథ ఇంకా పాతది. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే విధానం రూపొందించారు. దానికి లోకమంతటా నల్గొండ పద్ధతి అనే పేరే వచ్చింది. రసాయనం సరైనదే. కానీ రోజూ మోతాదు చూసే మనిషి, బురద పారబోసే చోటు, నీటిలో మిగిలే అల్యూమినియం, ఈ మూడూ ఊళ్లలో దాన్ని నిలవనివ్వలేదు. చివరికి ఊరట ఇచ్చింది గొట్టాల్లో తెచ్చిన కృష్ణా నీళ్లు. అల్యూమినియంతో నీళ్లు శుద్ధి చేస్తామనే ప్రతి కొత్త పరికరాన్నీ ఈ మూడు ప్రశ్నలే అడగాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద పాలియెస్టర్ నేసే తెలంగాణలో, జీడిమెట్ల, పటాన్‌చెరు వంటి ఉమ్మడి శుద్ధి కేంద్రాలున్న చోట, ముందు ప్రయోగం జరగాల్సింది ఫ్యాక్టరీల గడప దగ్గరే.

చట్టం, తీర్పు

పాలకులు కూడా మెల్లగా ఇటే వస్తున్నారు. న్యూ సౌత్ వేల్స్ 2022 నవంబరు 1 నుంచి కడిగేసే సౌందర్య సామగ్రిలో ప్లాస్టిక్ పూసలను నిషేధించింది. 2030 జూలై 1 నాటికి కొత్త వాషింగ్ మెషీన్లన్నిటికీ పోగుల ఫిల్టర్లు వచ్చేలా పరిశ్రమతో కలిసి పనిచేస్తామని ఆస్ట్రేలియా 2021 జాతీయ ప్లాస్టిక్ ప్రణాళిక మాట ఇచ్చింది. ఫ్రాన్స్ 2020లోనే చట్టం చేసి, 2025 జనవరి గడువు పెట్టింది. 2024లో సవరించిన యూరోపియన్ యూనియన్ మురుగునీటి ఆదేశం శుద్ధి కేంద్రాల్లో మైక్రోప్లాస్టిక్‌ను కొలిచి తీరాలంటోంది. ఇందులో ఏదీ కరెంటు పద్ధతిని తప్పనిసరి చేయలేదు. ఆరోగ్యం సంగతి చూస్తే, తాగునీటిలో ఇప్పుడున్న మోతాదు ప్రమాదకరమని చెప్పేందుకు ఆధారాలు చాలవని, క్రిములను తొలగించడమే ఇప్పటికీ మొదటి పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక చెప్పింది. భయపడి తొందరపడాల్సిన అవసరం లేదు, చేతులు ముడుచుకునే వీలూ లేదు.

కాబట్టి తేలేది ఇది. పెద్ద శుద్ధి కేంద్రాల చివర ఎలక్ట్రోకోయాగ్యులేషన్ పెట్టడం దండగ. లోతట్టు కేంద్రాల్లో ఫాస్ఫరస్ కోసం పటికో ఇనుప లవణమో కలపడం ఎలాగూ మామూలే, మంచి ఫిల్టరు దానికి తోడైతే చాలు. లాండ్రీల, మిల్లుల దగ్గర కోయాగ్యులేషన్‌కు భవిష్యత్తు ఉంది, దాని తెట్టును విడిగా దహనం చేస్తేనే. ఆనోడిక్ ఆక్సిడేషన్ చిక్కబరిచిన కొద్దిపాటి ద్రవానికి మాత్రమే తగును. నానోప్లాస్టిక్ మీద ఏ పద్ధతికీ ఇంకా నమ్మదగ్గ కొలత లేదు. పరిశోధకులకు ఒక విన్నపం: కొత్త పూసలు పక్కన పెట్టి, నిజమైన మురుగు మీద, నిజమైన మోతాదులో, యూనిట్ల ఖర్చుతో, బురద బరువుతో సహా ఫలితాలు ప్రకటించండి. పాఠకులకు ఇంకొకటి: మెషీన్ నిండాకే ఉతకండి, బట్టలు తక్కువై నీళ్లు ఎక్కువైతే పోగులు ఎక్కువ ఊడతాయి. ఫిల్టరులో చిక్కిన పీచును సింకులో కడగకుండా చెత్తబుట్టలో వేయండి. పైసా కరెంటు ఖర్చు లేని శుద్ధి అదే.